గడపకి లోపలా, బయటా

(పాఠకుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా అండీ? సరే.

చైనా యువరాజు గురించి చెప్పమన్నారు. నేను ఒక మెత్త గురించి చెప్పి మొదలుపెడతాను. మోకరిల్లేటప్పుడు మోకాళ్ల కింద వేసుకునే మెత్త. 1694వ సంవత్సరం, బీజింగ్ రాజప్రాసాదం. అందులో ఫెంగ్‌షియన్ మందిరం అని పితృదేవతల గుడి ఒకటుంది. అక్కడ జరగబోయే పూజకి ఎవరు ఎక్కడ మోకరిల్లాలో ఆచారాల శాఖ వాళ్లు పట్టీ రాసి చక్రవర్తికి పంపారు. చక్రవర్తి మెత్త గడపకి లోపల. యువరాజు మెత్త కూడా గడపకి లోపలే. చక్రవర్తి చూశాడు. "యువరాజుది గడప బయట వెయ్యండి" అన్నాడు.

అంతే కదా, తీసి బయట వేస్తే అయిపోయేది. ఆ శాఖ మంత్రి షమూహా అనే ఆయన ఏం చేశాడంటే, "ప్రభూ, ఈ ఆజ్ఞ తమరిచ్చిందని దస్తావేజులో రాయించండి" అని వేడుకున్నాడు. ఎందుకూ? రేపు ఈ కుర్రాడు గద్దె ఎక్కుతాడు. "నా మెత్త బయట వేసిందెవరు?" అని అడుగుతాడు. అప్పుడు చూపించుకోవడానికి చేతిలో కాయితం ఉండాలి. చక్రవర్తికి ఒళ్లు మండి మంత్రిని పదవిలోంచి తీసేశాడు.

ఉద్యోగాలు చేసినవాళ్లు చాలామంది ఉన్నారిక్కడ. షమూహా పరిస్థితి మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు. (నవ్వులు) ఇవాళ్టి అధికారి ఒకడు, రేపు రాబోయే అధికారి ఒకడు, ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు. ఎవరికి దణ్ణం పెట్టినా రెండోవాడికి కోపమే.

ఆ చక్రవర్తి పేరు కాంగ్‌షీ. చింగ్ వంశం, మంచూలు. 1661 నుంచి 1722 దాకా, అరవయ్యొక్క ఏళ్లు ఏలాడు. ఆ కుర్రాడి పేరు యిన్‌రెంగ్. మెత్త గొడవ నాటికి ఇరవై ఏళ్లవాడు. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి. మిగతావాళ్లని పెద్దోడు, ఎనిమిదోవాడు, నాలుగోవాడు అని అంకెలతోనే పిలుచుకుందాం. వాళ్ల దర్బారులోనూ అంతే, రాజకుమారులని వరస సంఖ్యతోనే పిలిచేవాళ్లు. కాంగ్‌షీకి మొత్తం ముప్పై అయిదుగురు మగపిల్లలు పుట్టారు. అందులో వరస సంఖ్య దక్కినవాళ్లు ఇరవై నలుగురు. పసితనంలోనే పోయిన పిల్లలు చాలామందికి ఆ సంఖ్య కూడా ఇవ్వలేదు.

యిన్‌రెంగ్ పుట్టింది 1674లో. తల్లి పట్టపురాణి, హెషెరి వంశం ఆడపడుచు. బిడ్డని కన్న రోజే చనిపోయింది. భర్తకి అప్పటికి ఇరవై ఏళ్లు. చిన్నప్పుడే పెళ్లయింది వాళ్లకి, కలిసి పెరిగారు. ఆ ఏడాదే దక్షిణాన ఊ సాన్‌గుయి అనే సేనాపతి తిరుగుబాటు మండిపోతోంది. సగం చైనా చేజారిపోయేట్టుంది. ఇటు భార్య శవం, అటు యుద్ధం. తర్వాతి ఏడాది చివర్లో, నడక వచ్చి ఎన్నాళ్లో కాని ఆ పసివాణ్ణి యువరాజుగా ప్రకటించాడు.

ఇక్కడ కొంచెం ఆగాలి. మంచూలకి అసలు యువరాజు అనే ఆచారమే లేదు. వాళ్లది గుర్రాల మీద తిరిగిన జాతి. పెద్దలంతా కూర్చుని, కొడుకుల్లో గట్టివాణ్ణి చూసి ఎన్నుకునేవాళ్లు. మూలపురుషుడు నూర్‌హాచీ ఒక్కసారి పెద్దకొడుకుని వారసుడిగా పెట్టి చూశాడు. అది కుదరక కొడుకుని బంధించి, 1615లో చంపించేశాడు. కాంగ్‌షీ తానెలా చక్రవర్తి అయ్యాడు? ఏడేళ్లకే మశూచి వచ్చి తగ్గినవాడు కాబట్టి మళ్లీ రాదు, బతుకుతాడు అని లెక్కేసి ఎంచారు. ముఖం మీద మచ్చలే ఆయనకి పట్టాభిషేకపు పత్రం.

మరి కాంగ్‌షీ యువరాజుని ఎందుకు పెట్టాడు? అది చీనీయుల పద్ధతి కాబట్టి. పట్టపురాణికి పుట్టిన జ్యేష్ఠుడే వారసుడని చీనీ శాస్త్రం. "మేం దండెత్తి వచ్చిన పరాయివాళ్లం కాదు, మీ శాస్త్రం ప్రకారం మాకూ వారసుడున్నాడు, ఈ వంశం నిలబడుతుంది" అని తిరుగుబాటు కాలంలో దేశానికి చాటాలి. ఆ చాటింపే ఈ పసివాడు. చనిపోయిన భార్య మీది ప్రేమ కూడా అందులో లేదని నేననను.

యువరాజు అంటే ఏం పదవి? మన తెలుగులో యువరాజు అనగానే కిరీటం, గుర్రం, వేట గుర్తొస్తాయి. ఈ మాట వింటే నాకు మాత్రం రామాయణంలో ఆ ఒక్క రాత్రి గుర్తొస్తుంది. రేపు పట్టాభిషేకం అన్నారు, తెల్లారేసరికి అడవి. చైనాలో ఆ ఒక్క రాత్రి ముప్పై ఏళ్లు సాగిందనుకోండి. చక్రవర్తికి అక్కడ "పదివేల ఏళ్లు!" అని జేజేలు కొడతారు. యువరాజుకి "వెయ్యేళ్లు!" నాన్న పదివేల ఏళ్లు బతకాలని రోజూ పొద్దున్నే మొక్కాలి, ఆ తర్వాత తన వెయ్యేళ్ల వంతు కోసం కూర్చోవాలి. (నవ్వులు) నవ్వుతాం కానీ, పితృభక్తిని మించిన ధర్మం లేని దేశంలో ఇది ప్రాణాల మీది సంగతి. కుర్చీ మీద ఆశ ఉందని కనబడితే ద్రోహి. ఆశ లేదని కనబడితే చేతకానివాడు.

పిల్లవాడి చదువు చూడండి. అయిదారేళ్లప్పుడు తండ్రే దగ్గర కూర్చోబెట్టుకుని అక్షరాలు నేర్పాడు. కొడుకు కోసం 1679లో యూచింగ్ ప్రాసాదం కట్టించాడు. 1687 ఎండాకాలం నాటి దినచర్య దర్బారు రికార్డుల్లో ఉంది. అది చదివినప్పుడు మా ఇంట్లో ఎంట్రన్స్ పరీక్షకి కూర్చున్న పిల్లాడు గుర్తొచ్చాడు. తెల్లారకముందే లేవడం. పాఠం నూట ఇరవైసార్లు చదవడం. అవును, నూట ఇరవై. "నేను చిన్నప్పుడు అలాగే చదివాను, అంతకంటే తగ్గితే అర్థం ఒంటబట్టదు" అన్నాడు తండ్రి. తర్వాత అప్పజెప్పడం, చీనీ అక్షరాలు రాయడం, మంచూ భాష, సాయంత్రం విలువిద్య. మండు వేసవిలో ఆ పదమూడేళ్ల పిల్లవాడు నిండా బట్టలు కట్టుకుని, విసనకర్ర కూడా ముట్టుకోకుండా నిటారుగా కూర్చున్నాడని రాశారు.

ఆ రికార్డులో నన్ను పట్టేసింది పిల్లవాడు కాదు, పంతుళ్లు. తాంగ్ బిన్ అనే ఆయనకి అరవై, గెంగ్ జియే అనే ఆయనకి అరవై దాటాయి. దేశంలో పేరుపడ్డ పండితులు. మన దగ్గర శిష్యుడు గురువు కాళ్లకి మొక్కుతాడు. అక్కడ శిష్యుడు కుర్చీలో ఉంటే, గురువు మోకరిల్లి పాఠం అప్పజెప్పించుకోవాలి, మిగతా సేపు నిలబడి ఉండాలి. గెంగ్ జియే ఆ ఎండలో నిలబడలేక తూలి పడబోయాడు. తాంగ్ బిన్ ఆ ఏడాదిలోనే పోయాడు. తప్పు చేస్తే చెవి మెలిపెట్టే మనిషి ఆ పిల్లవాడికి ఒక్కడూ లేడు. తండ్రి తప్ప. ఆ తండ్రి చూస్తే సామ్రాజ్యం ఏలే పనిలో ఉన్నాడు.

అయినా తండ్రికి ప్రాణం ఆ కొడుకంటే. 1696లో కాంగ్‌షీ మంగోలుల నాయకుడు గల్దాన్ మీదికి గోబీ ఎడారి దాటి స్వయంగా దండెత్తి వెళ్లాడు. రాజధాని యువరాజు చేతిలో పెట్టాడు. దారి పొడుగునా కొడుక్కి ఉత్తరాలు రాశాడు, మంచూ భాషలో, స్వహస్తంతో. అవి ఇప్పటికీ ఉన్నాయి. ఒక ఉత్తరంలో ఏమడిగాడో తెలుసా? "నువ్వు కట్టి విడిచిన పాత బట్టలు పంపు. పాతవే కావాలి. నువ్వు గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాను." నలభై రెండేళ్ల చక్రవర్తి, వేల సైన్యం మధ్య గుడారంలో కూర్చుని అడుగుతున్నాడు. ఈ ఉత్తరం ఒక్కటీ తెలియకపోతే తర్వాత జరిగిందంతా మామూలు రాజుల కుట్ర కథే.

తండ్రి యుద్ధంలో ఉండగా రాజధానిలో రోజూ ఫైళ్లు చూసింది ఎవరు? కొడుకు. మంత్రులు ఎవరి గుమ్మం ముందు నిలబడ్డారు? కొడుకు గుమ్మం ముందు. కాంగ్‌షీ తిరిగొచ్చేసరికి ఇల్లు ఇల్లులా లేదు. 1697లో యువరాజు దగ్గర తచ్చాడుతున్నారని వంటశాల మనుషుల్నీ, టీ కాచే అతన్నీ చంపించాడు. ఎవర్ని చంపాడో గమనించండి. సేనాపతులని కాదు. అన్నం పెట్టేవాణ్ణి, టీ ఇచ్చేవాణ్ణి. భయం అప్పటికే కంచం దాకా వచ్చేసింది.

దాని వెనక ఇంకో పాత గాయం ఉంది. 1690లో దండయాత్ర మధ్యలో కాంగ్‌షీకి జబ్బు చేసింది. కొడుకులని చూడాలనుందని కబురంపితే యువరాజు వచ్చాడు, కానీ ముఖంలో దిగులు లేదు. పదహారేళ్ల కుర్రాడు, ఏం తెలుసు వాడికి అని మనం అనుకోవచ్చు. తండ్రి అనుకోలేదు. వెంటనే వెనక్కి పంపేశాడు, పద్ధెనిమిదేళ్ల తర్వాత కూడా దాన్ని ఎత్తి చూపాడు. కొడుకు ముఖంలో దుఃఖం ఎంతుందో కొలిచే తండ్రి దగ్గర పెరగడం ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచిస్తుంటాను.

పోనీ యిన్‌రెంగ్ అమాయకుడా అంటే, కాదు. రాజవంశీకులని చేత్తో కొట్టేవాడు. మంగోలులు చక్రవర్తికి కానుకగా తెచ్చిన గుర్రాలని దారిలోనే లాగేసుకునేవాడు. దుబారా మనిషి. ఆ దుబారాకి తండ్రి చేసిన వైద్యం చూడండి. యువరాజుకి పాలిచ్చిన దాది మొగుడు లింగ్‌పూ అని ఒకడుంటే, వాణ్ణి తీసుకొచ్చి రాజకుటుంబపు ఖజానా, సరంజామా చూసే శాఖకి పెద్దని చేశాడు. కొడుక్కి ఏం కావాలన్నా చేతికందేలా! పైగా ఈ మాట కాంగ్‌షీయే తర్వాత నేరాల జాబితా చదువుతూ చెప్పాడు. కొడుకు నేరాల జాబితా అండీ, తనది కాదు.

ఇక సోంగొటు. యిన్‌రెంగ్ తల్లికి బాబాయి, మన వరసల్లో చిన్నతాత. రష్యాతో 1689లో నెర్చిన్స్క్ సంధి కుదిర్చింది ఈయనే, సమర్థుడు. మనవడు త్వరగా గద్దెనెక్కాలని ఆశ. యువరాజు బట్టలు, వస్తువులు అన్నీ పసుపురంగువే చేయించి, మర్యాదలన్నీ దాదాపు చక్రవర్తితో సమానంగా రాయించింది ఈయనే అని కాంగ్‌షీ తర్వాత తిట్టాడు. అక్కడ ఆ పసుపు చక్రవర్తి ఒక్కడిదే. 1703లో సోంగొటుని బంధించారు. జైల్లోనే పోయాడు. "ఈ వంశానికి మొట్టమొదటి ద్రోహి" అన్నాడు చక్రవర్తి. యువరాజుకి అమ్మ వైపు మిగిలిన నీడ అది ఒక్కటే. అదీ పోయింది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఈ కథని చాలామంది చెడ్డ కొడుకు కథగా చెప్తారు, కొందరు అనుమానపు తండ్రి కథగా చెప్తారు. రెండూ ఉన్నాయి. కానీ అసలు ముడి వేరే చోట పడింది. చీనీ పద్ధతిలో యువరాజుంటే, మిగతా కొడుకుల్ని దూరంగా, అధికారం లేకుండా ఉంచుతారు. మంచూ పద్ధతిలో కొడుకులందరికీ సైన్యంలో వాటా, సొంత మనుషులు, యుద్ధంలో బాధ్యత ఉంటాయి, కానీ యువరాజుండడు. కాంగ్‌షీ రెండూ చేశాడు. ఒకణ్ణి యువరాజుని చేసి కూర్చోబెట్టాడు. 1698లో పెద్దయిన మిగతా కొడుకులకి బిరుదులిచ్చి, మనుషుల్నిచ్చి నిలబెట్టాడు. రెండు పద్ధతుల్లోనూ మంచిదే తీసుకుందామనుకున్నాడు, రెండింటి విషమూ కలిసింది. కిందున్న ప్రతి తమ్ముడికీ, పైనున్న ఆ ఒక్క అన్నకీ ఇప్పుడు సొంత దండులున్నాయి.

ఇది చైనాకి కొత్తా? కాదు. దీనికి పద్ధెనిమిది వందల ఏళ్ల ముందు హాన్ వంశంలో వూ చక్రవర్తి యాభైనాలుగేళ్లు ఏలాడు. ఆయన యువరాజు ల్యూ జూ ముప్పై ఏళ్లు ఎదురుచూశాడు. ముసలితనంలో చక్రవర్తికి జబ్బు చేస్తే ఎవరో చేతబడి చేశారన్నారు. జియాంగ్ చోంగ్ అనే అధికారి తవ్వించి, యువరాజు ఇంట్లో చెక్కబొమ్మలు దొరికాయన్నాడు. యువరాజు వాణ్ణి చంపించాడు. క్రీ.పూ. 91లో చాంగ్‌ఆన్ నగరం వీధుల్లో తండ్రి సైన్యానికీ కొడుకు మనుషులకీ అయిదు రోజులు యుద్ధం. ఓడి, పారిపోయి, ఉరేసుకున్నాడు కొడుకు. నిజం తెలిశాక తండ్రి ఒక ప్రాసాదం కట్టించాడు. దాని పేరు "కొడుకుని తలుచుకునే ప్రాసాదం". ఆ తర్వాత తాంగ్ వంశంలోనూ, మింగ్ వంశంలోనూ ఇలాంటివి ఉన్నాయి. అవన్నీ చెప్పుకుంటూ పోతే ఇవాళ భోజనాలు ఉండవు.

1708కి వద్దాం. ఎండాకాలం చివర చక్రవర్తి వేటకి వెళ్లాడు, చైనా గోడ అవతల మంగోలు గడ్డి మైదానాలకి. కొడుకులు వెంట ఉన్నారు. అందులో పద్ధెనిమిదోవాడు చిన్నపిల్లవాడు, ఏడేళ్లుంటాయి. దారిలో జబ్బు చేసింది, ఆ జబ్బుతోనే తర్వాత పోయాడు. ఆ జబ్బు చూసి తండ్రి దిగులుపడుతుంటే యువరాజు ఏమీ పట్టనట్టు ఉన్నాడట. తమ్ముడి మీద ఆ మాత్రం ప్రేమ లేదా అని తండ్రి గద్దిస్తే, తిరగబడి కోప్పడ్డాడు. మళ్లీ ముఖంలో దుఃఖం కొలత! ఆ తర్వాత రాత్రులు యువరాజు తండ్రి గుడారం దగ్గరికి వచ్చి, గుడ్డ చీలికలోంచి లోపలికి తొంగి చూస్తున్నాడని కాంగ్‌షీ గమనించాడు.

ఎందుకు చూశాడు? చంపడానికా? తండ్రి బతికున్నాడో లేదో అనా? నన్ను ఏం చేయబోతున్నాడో అన్న భయంతోనా? ముప్పై నాలుగేళ్ల మనిషి, కన్నతండ్రి గుడారానికి కన్ను ఆనించి చీకట్లో నిలబడ్డాడు. గడప బయట వేసిన ఆ మెత్త నాకు ఇక్కడ మళ్లీ గుర్తొస్తుంది.

ఆ ఏడు తొమ్మిదో నెల నాలుగో తేదీన, వాళ్ల పంచాంగం ప్రకారం, బూర్‌హసూతై అనే విడిదిలో చక్రవర్తి అందర్నీ పిలిచాడు. రాజకుమారులంతా మోకాళ్ల మీద. యువరాజు నేరాలు ఒక్కొక్కటిగా చదివాడు. "ఇవాళ విషం పెడతారో, రేపు పొడుస్తారో తెలియక పగలూ రాత్రీ భయంతో ఉన్నాను" అన్నాడు. చదువుతూ చదువుతూ ఏడ్చి నేలమీద పడిపోయాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు మనవాళ్లు. దర్బారు నడిబొడ్డున చించుకున్నాడు. తర్వాత ఆరు రోజులు కంటి మీద కునుకు లేదు. సోంగొటు కొడుకులిద్దర్నీ చంపించాడు. యువరాజుని బీజింగ్ తెచ్చి, రాజప్రాసాదంలో గుర్రపుశాలల పక్కన గుడారం వేసి అందులో ఉంచారు. కాపలా ఎవరు? పెద్దోడు, నాలుగోవాడు. నాలుగోవాణ్ణి గుర్తుంచుకోండి.

పెద్దోడికి ఆశ పుట్టింది. వయసులో యువరాజు కంటే పెద్దవాడే, కానీ తల్లి పట్టపురాణి కాదు. వెళ్లి తండ్రితో ఏమన్నాడంటే, "వాణ్ణి చంపాలనుకుంటే తమ చేతికి మట్టి అంటనక్కర్లేదు." అంటే, నేను చంపుతాను అని. తండ్రి బిత్తరపోయాడు. అదే ఊపులో పెద్దోడు, ఎనిమిదోవాడికి మహర్జాతకం ఉందని జాంగ్ మింగ్‌దే అనే ముఖలక్షణాలు చూసేవాడు చెప్పిన సంగతి కూడా బయటపెట్టాడు. ఆ జోస్యుణ్ణి ముక్కలుముక్కలుగా కోయించారు. జాతకం చెప్పేవాళ్లకి తమ జాతకం తెలియదని మనం నవ్వుకుంటాం గానీ, అది ఘోరం.

తర్వాత మూడోవాడు వచ్చి, పెద్దోడు ఒక మంగోలు లామాతో యువరాజు మీద చేతబడి చేయించాడని చెప్పాడు. తవ్వితే పదికి పైగా చోట్ల ఏవేవో వస్తువులు దొరికాయి. పద్ధెనిమిది శతాబ్దాలు గడిచాయి, వంశాలు మారాయి, జాతే మారింది. మళ్లీ అదే తవ్వకం, అవే బొమ్మలు! ఈసారి అది యువరాజుకి వరమైంది. "పిచ్చి ప్రవర్తనంతా చేతబడి వల్లే" అనుకోవడానికి తండ్రికి దారి దొరికింది. యువరాజు ఏడెనిమిది గిన్నెల అన్నం తిన్నా కడుపు నిండినట్టు తెలియదు, ఇరవై ముప్పై పాత్రల మద్యం తాగినా మత్తెక్కదు, దయ్యాలు కనబడతాయి, ఒకచోట పడుకోలేడు అని కాంగ్‌షీ స్వయంగా చెప్పిన లక్షణాలు రికార్డులో ఉన్నాయి. ఈ లక్షణాలకి ఇవాళ్టి డాక్టరు ఏ పేరు పెడతాడో గానీ, ఒక కుర్చీ పక్కన మూడు దశాబ్దాలు నిలబెట్టిన మనిషికి ఇవి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. పెద్దోణ్ణి బంధించారు. ఇరవై ఆరేళ్ల తర్వాత ఆ బందిఖానాలోనే పోయాడు.

అప్పుడు కాంగ్‌షీ ఒక పని చేశాడు, ఎందుకు చేశాడో మాత్రం అడక్కండి. మంత్రులందర్నీ పిలిచి, "పెద్దోడు తప్ప మిగతా కొడుకుల్లో ఎవరు తగినవాడో మీరే చెప్పండి, మీరెవర్నంటే వాణ్ణే పెడతాను" అన్నాడు. కొందరు పెద్దమంత్రులు అరచేతిలో "ఎనిమిదోవాడు" అని రాసుకుని ఒకరికొకరు చూపించుకున్నారట, పరీక్ష హాల్లో పిల్లల్లాగా. (నవ్వులు) అందరూ ఒకే పేరు చెప్పారు. అంతే, కాంగ్‌షీ మొహం మాడిపోయింది. ఎనిమిదోవాడికి అనుభవం లేదన్నాడు, తల్లి పుట్టుక తక్కువన్నాడు. అసలు తప్పు అది కాదు. అంతమంది ఒక్కడి వైపు ఉండడమే వాడి తప్పు.

తర్వాత కలలొచ్చాయి. పెంచిన నాయనమ్మ కలలో కనిపించింది. దూరంగా, మాట్లాడకుండా, మొహం ముడుచుకుని కూర్చుందట. చనిపోయిన పట్టపురాణి కూడా కలలోకి వచ్చింది. 1709 వసంతంలో యిన్‌రెంగ్‌ని మళ్లీ యువరాజుని చేశాడు.

అతికిన కుండ ఎన్నాళ్లు నిలుస్తుంది? మూడేళ్లు. రాజధాని కాపలా దళాల అధిపతి తువోహెచీ, ఇంకొందరు అధికారులు కలిసి విందులు చేసుకుంటూ యువరాజు పక్షం కడుతున్నారని పట్టుకున్నారు. తువోహెచీ జైల్లో చనిపోతే, శవాన్ని కాల్చి బూడిద గాలికి వదిలారు. బీజింగ్ వెళ్లొచ్చిన కొరియా దూతలు చెప్పిన ముచ్చట ఒకటి కొరియా రాజుల చరిత్రలో ఎక్కింది. "ఎక్కడైనా నలభై ఏళ్ల పాటు యువరాజుగా ఉన్నవాడు ఉన్నాడా?" అని యువరాజు అన్నాడట. నిజంగా అన్నాడో, ఊరు అన్నదో! నలభై నిండలేదు కూడా. కానీ ఆ మాట అతని నోట్లో పెట్టాలని ఊరంతటికీ తోచింది చూశారా, అది నాకు ముఖ్యం.

1712లో రెండోసారి తీసేశాడు. మొదటిసారి నేలమీద పడి ఏడ్చిన మనిషి ఈసారి, "నాకేమీ బాధ లేదు, నవ్వుతూ మాట్లాడుతున్నాను" అని చెప్పాడు. నాకైతే మొదటి ఏడుపు కంటే ఈ నవ్వే భయం వేస్తుంది. యిన్‌రెంగ్‌ని షియన్‌ఆన్ ప్రాసాదంలో పెట్టి తాళం వేశారు. ఆ తర్వాత యువరాజుని పెట్టమని నోరెత్తిన వాళ్లకి మర్యాద దక్కలేదు. 1718లో జూ తియెన్‌బావో అనే పండితుడు యిన్‌రెంగ్‌నే మళ్లీ పెట్టమని అర్జీ రాస్తే, అతన్ని చంపించారు.

ఒక చిన్న ప్రయత్నం మాత్రం చెప్పాలి. 1715లో యిన్‌రెంగ్ భార్యకి జబ్బు చేస్తే హె మెంగ్‌ఫూ అనే వైద్యుడు లోపలికి వచ్చాడు. అతని చేత ఒక ఉత్తరం బయటికి పంపాడు. పటిక నీళ్లతో రాసిన ఉత్తరం. ఆరాక తెల్లకాయితంలా ఉంటుంది, నీళ్లలో తడిపితే అక్షరాలు తేలతాయి. అందులో అడిగిందేమిటి? పడమటి సరిహద్దులో యుద్ధం వచ్చింది కదా, నన్ను సేనాపతిగా పంపమని ఎవరైనా సిఫారసు చెయ్యండి అని. ఉత్తరం పట్టుబడింది. చక్రవర్తి కావలసినవాడు పటిక నీళ్లతో ఉద్యోగం అడుక్కున్నాడు.

1722 డిసెంబరులో కాంగ్‌షీ పోయాడు. గద్దెనెక్కింది నాలుగోవాడు, యోంగ్‌జెంగ్. ఏ పక్షమూ కట్టనట్టు, ఏ ఆశా లేనట్టు కనబడినవాడు. నిజంగా తండ్రి మాట ప్రకారమే ఎక్కాడా, వీలునామా మార్చాడా అని చీనీయులు మూడు వందల ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. నేను అందులో వేలు పెట్టను. యిన్‌రెంగ్ ఇంకో రెండేళ్లు బతికి, 1725 జనవరిలో అదే షియన్‌ఆన్ ప్రాసాదంలో పోయాడు. యాభై ఏళ్లు.

గుడారం బయట కాపలా కాసిన ఆ నాలుగోవాడు ఏం నేర్చుకున్నాడో చూడండి. 1723లోనే అందర్నీ పిలిచి చెప్పాడు. వారసుడి పేరు రాశాను, పెట్టెలో పెట్టి సీలు వేశాను, చియెన్‌చింగ్ ప్రాసాదంలో సింహాసనం పైన వేలాడే పెద్ద పలక వెనక పెడుతున్నాను, నేను పోయాక తియ్యండి అని. ఆ పలక మీద నాలుగక్షరాలున్నాయి, దాపరికం లేకుండా, నిటారుగా, వెలుగులో ఉండాలని వాటి భావం. దాని వెనకే దాపరికం! (నవ్వులు) అప్పటినుంచి ఆ వంశంలో ఏళ్ల తరబడి బాహాటంగా యువరాజు అనిపించుకున్నవాడు లేడు. మొత్తం చింగ్ చరిత్రలో అలా ప్రకటించి, అన్నేళ్లు ఆ పేరుతో బతికిన యువరాజు యిన్‌రెంగ్ ఒక్కడే. యోంగ్‌జెంగ్ హఠాత్తుగా పోయినప్పుడు, రెండో ప్రతి కోసం వేసవి ప్రాసాదమంతా వెతికించి తీయించిన మంత్రి జాంగ్ తింగ్‌యూ. పసుపు కాయితంలో చుట్టి సీలు వేసి ఉంటుంది, చూడండి అని సేవకులకి గుర్తు చెప్పింది ఆయనే. వాళ్ల నాన్న జాంగ్ యింగ్ చిన్నప్పటి యిన్‌రెంగ్‌కి పాఠాలు చెప్పిన గురువుల్లో ఒకడు.

ఇక్కడితో ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒకరు: ఆ పెట్టె ఇప్పుడుందా అండీ?)

మంచి ప్రశ్న. ఒకటుంది. యోంగ్‌జెంగ్‌ది కాదు, తర్వాతి తరాల్లో దావోగ్వాంగ్ చక్రవర్తిది. పెట్టె, లోపలి కాయితాలు బీజింగ్ చరిత్ర భండారంలో భద్రంగా ఉన్నాయి. 1846లో రాసిన కాయితం. నాలుగో కొడుకుని యువరాజుని చేస్తున్నానని చీనీలోనూ మంచూలోనూ రాశాడు. దాని పక్కనే ఇంకో వరస ఉంది, ఆరో కొడుక్కి మొదటి తరగతి రాజకుమార బిరుదు ఇస్తున్నానని. ఆ ఇద్దరి మధ్యే ఊగిసలాడాడు ఆయన. పెట్టె తెరిచింది 1850 ఫిబ్రవరిలో, చావుమంచం దగ్గర. తండ్రి ఆ రోజే పోయాడు. ఆ నాలుగోవాడు యువరాజుగా ఉన్నది ఆ ఒక్క పూట.

ఇంకెవరైనా?